ఎండగల దేశమున ఎండకఱవు

నేడు నేను ముచ్చటింపబోవునది డి విటమిను కొఱతను గూర్చి. ఈ పేరు వినగానే ఇది పట్టణముల మాట, మందుల దుకాణముల మాట యని మీలో కొందఱు తలపవచ్చును. కాని ఇది మీ యింటి వసారాకు, పెరటికి, పురిటిగదికి సంబంధించిన మాట. ఇంటిలో ఎవరు ఎండకు పోవలెను, ఎవరు నీడపట్టున ఉండవలెను అను దానిని ఏ సర్కారును నిర్ణయింపదు. పెద్దలైన మీరే నిర్ణయింతురు. అందుచేతనే ఈ ప్రసంగమును ముఖ్యముగా మీ కొఱకు వ్రాసికొని వచ్చితిని.

తక్కిన విటమినులలో పెక్కు ధాన్యములలోనో, ఆకుకూరలలోనో, పండ్లలోనో దొరకును. ఇది అట్టిది కాదు. మన చర్మమునందు క్రొవ్వుజాతికి చెందిన పదార్థ మొకటి కలదు. సూర్యరశ్మిలో కంటికి కనబడని చుఱుకైన భాగ మొకటి కలదు. దానిని అతినీలలోహిత కిరణము లందురు. ఆ కిరణములు తగిలినప్పుడు చర్మములోని పదార్థము డి విటమినుగా మాఱును. పిదప అది రక్తమున చేరి, కాలేయమునందు ఒక మార్పును, మూత్రపిండములందు మఱియొక మార్పును పొంది పనికి సిద్ధమగును. దాని ముఖ్యమైన పని యేదనగా, మనము తిన్న ఆహారములోని కాల్షియమనెడి సున్నపు ధాతువును ప్రేగులు గ్రహించునట్లు చేయుట. అది లేనిచో కాల్షియము ఎంత తిన్నను అందులో కొద్ది భాగమే ఒంటబట్టును. రక్తములో కాల్షియము తగ్గినచో గుండె నడువదు, నరములు నిలువవు. కాబట్టి శరీరము తన యవసరమునకు ఎముకలనుండి దానిని తీసికొనును. కొత్త గదికి సున్నము చాలక పాత గోడలనే గీకి తీసికొన్నట్లుండును.

ఇట్లు జరిగినప్పుడు పెరుగుచున్న పిల్లల ఎముకలు మెత్తబడును. మాడు పూడుట ఆలస్యమగును. మణికట్టులు లావెక్కును. ప్రక్కటెముకల కొసలు పూసలు గ్రుచ్చినట్లు కనబడును. నడక వచ్చిన తరువాత శరీరభారమునకు కాళ్లు వంగి దొడ్డికాళ్లగును, లేదా మోకాళ్లు ఒండొంటిని ఒరసికొనును. దీనినే రికెట్సు అందురు. పెద్దవారికి కాళ్లు వంగవు గాని, తుంటి, నడుము, తొడలు తీపులు పెట్టును. పీటమీదినుండి లేచుటకు గోడ పట్టుకొనవలసి వచ్చును. నడక బాతునడక యగును. వయసు మీద పడినదని, వాతమని యనుకొని యూరకుందురు.

ఈ వ్యాధిని మొదట చక్కగా వర్ణించినవారు ఆంగ్లేయులు. 1645వ సంవత్సరమున విస్లరు, 1650లో గ్లిసను అను వైద్యులు దీనిని గూర్చి గ్రంథములు వ్రాసిరి. పిమ్మట ఆ దేశమున యంత్రశాలలు పెరిగి, బొగ్గుపొగ పట్టణములను క్రమ్మి, ఇఱుకు సందులలో సూర్యుడు కానరాని కాలము వచ్చినప్పుడు ఈ వ్యాధి వేలకొలది పిల్లలను పట్టుకొన్నది. 1822లోనే పోలండు దేశపు వైద్యుడు స్న్యాడెట్స్కీ, వార్సా నగరపు పిల్లలకు ఈ వ్యాధి యున్నదనియు, చుట్టుపట్ల పల్లెల పిల్లలకు లేదనియు గమనించి, ఎండయే దీనికి మందని చెప్పెను. ఎవరును చెవిని పెట్టలేదు. ఎండకు మూల్యము లేదు గదా, మూల్యము లేని మందునందు జనులకు నమ్మకము కలుగుట కష్టము. 1890లో పామ్ అను మతబోధక వైద్యుడు జపానునుండి ఇంగ్లండునకు తిరిగివచ్చి, తాను అచ్చట చూడని వ్యాధి ఇచ్చట ఇంటింట నుండుటకు ఆశ్చర్యపడి, ఆసియాఖండమున నానా దేశములలో నున్న తోటి వైద్యులకు ఉత్తరములు వ్రాసి విచారించెను. తిండి చాలని బీదదేశములలో సైతము ఎండ బాగుగానున్న తావుల ఈ వ్యాధి అరుదని తేలినది. ఆయన మాటయు చాలకాలము మఱుగున పడియుండెను.

1919లో రెండు సంగతులు ఒకేసారి జరిగినవి. బెర్లిను నగరమున హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు అతినీలలోహిత కిరణముల నిచ్చు పాదరసపు దీపమును రికెట్సు గల పిల్లలపై ప్రయోగించెను. ఒక చేతికి మాత్రమే వెలుగు తగులనిచ్చినను, రెండవ చేతి ఎముకలును బాగుపడెను. అనగా చర్మమున పుట్టిన దేదియో రక్తములో ప్రవహించి దేహమంతట పనిచేయుచున్న దన్నమాట. అదే సమయమున ఇంగ్లండులో మెల్లన్‌బీ కుక్కపిల్లలకు ఓట్ల గంజి పెట్టి ఈ వ్యాధిని కలిగించి, కాడ్ చేప కాలేయపు నూనెతో కుదిర్చెను. వెలుగు ఒకవైపు, నూనె ఒకవైపు! వీనికి పొత్తు ఏమని లోకము వింతపడినది. 1922లో అమెరికాలో మెక్కాలమ్ ఆ నూనెలోని ఎ విటమినును కాల్చి నశింపజేసినను రికెట్సును కుదిర్చెడి గుణము మిగిలియుండుట చూపి, అప్పటికి ఎ, బి, సి యను పేర్లు వాడుకలో నుండుటచే దీనికి డి యని పేరిడెను.

ఇక మన దేశము మాట. ఉష్ణదేశమున నుండువారికి ఈ బాధ యెక్కడిదని పూర్వపు వైద్యులు అనుకొనెడివారు. 1922లో హచిసను, షా అను నిరువురు వైద్యులు నాసికా ప్రాంతమున పరిశోధించి ప్రకటించిన సంగతి వినదగినది. పాలు, నెయ్యి సమృద్ధిగా గల కలవారి యిండ్లలో, ఘోషా పాటించు కుటుంబములలో రికెట్సు కానవచ్చెను. తల్లియు బిడ్డయు చీకటి గదులలో నెలల తరబడి యుండుటయే అందులకు కారణము. గంజి త్రాగి తల్లి వెంట పొలము గట్టుమీద నుండెడి కూలివారి పిల్లలకు అది లేకుండెను. కలిమియే శాపమైన వ్యాధు లరుదుగా నుండును. ఇది వానిలో నొకటి. కాశ్మీరమున పనిచేసిన కేథలీన్ వాన్ అను వైద్యురాలు 1928లో ప్రకటించిన గ్రంథమున ఇట్టిదే వ్రాసెను. శ్రీనగరమున పరదాలో పెరిగిన స్త్రీలకు కటి ఎముకలు మెత్తబడి, ఒదిగిపోయి, ప్రసవము ప్రాణాంతకమగుచుండెను. అదే ఊర నదిమీద పడవలలో బ్రదుకుచు ఎండలో తిరుగు స్త్రీలు సుఖముగా కనుచుండిరి.

విశాఖపట్టణమున విక్టోరియా ఆసుపత్రిని జనులు నేటికిని ఘోషాసుపత్రి యనియే పిలుతురు. ఘోషా చాల కుటుంబములలో పోయినది గాని, దాని పని మాత్రము ఇతరములు చేయుచున్నవి. పట్టణమున మేడమీద మేడ, ఉదయము చీకటితో బయలుదేఱి రాత్రికి ఇల్లు చేరు ఉద్యోగము, పుస్తకములముందు కూర్చుండబెట్టిన పిల్లలు, నల్లబడుదుమేమో యను భయము. పల్లెలలో సైతము యంత్రములు వచ్చి పొలము పని తగ్గినది. తిరుపతిలోని వైద్య విజ్ఞాన సంస్థలో హరినారాయణ గారును వారి సహచరులును ఆ నగరవాసుల రక్తమును, చుట్టుపట్ల గ్రామస్థుల రక్తమును పరీక్షించి 2007లో ప్రకటించిన దానిని బట్టి, పల్లెవారికి పట్టణమువారికంటె డి విటమిను హెచ్చుగా నున్నది. పురుషులకంటె స్త్రీలకు తక్కువగా నున్నది. ఇంతవఱకు అనుకొన్నట్లే. కాని ఎండకు పుట్టినిల్లయిన ఆ సీమలో, పల్లెటూరి స్త్రీలలో సగమునకు మించినవారికి అది చాలినంత లేదు. వారు తిను కాల్షియమును దినమునకు దాదాపు 300 మిల్లీగ్రాములే. 2020లో మన పోషకాహార సంస్థ పెద్దలకు కావలెనని నిర్ణయించినది 1000 మిల్లీగ్రాములు.

దూరదేశములకు పోయిన మనవారి సంగతియు చెప్పవలసియున్నది, ఏలయన మీలో పలువురకు కొడుకులో, కోడండ్రో, మనుమలో ఆ దేశములలో నున్నారు. సూర్యుడు ఆకాశమున ఎంత వాలియున్న, ఆ చుఱుకైన కిరణములు అంత ఎక్కువ గాలిలో ప్రయాణము చేసి అంత ఇంకిపోవును. డిసెంబరు నెలలో మిట్టమధ్యాహ్నము హైదరాబాదులో మనిషి నీడ అతనికంటె పొట్టిగానే యుండును. అదే దినమున షికాగోలో అది మనిషికి రెండింతలు, లండనులో మూడున్నర యింతలకు పైగా నుండును. షికాగో దారిలోనే యున్న బోస్టను నగరమున నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు మనిషి ఎండలో నిలుచున్నను చర్మమున డి విటమిను పుట్టదని 1988లో నిరూపించిరి. దీనికి తోడు మన దేహచ్ఛాయ. నల్లని చర్మము ఎండకు గొడుగువంటిది. మన దేశమున అది రక్ష, అచ్చట అదియే అడ్డు. తెల్లవారికి చాలిన ఎండకు అనేక రెట్లు మనవారికి కావలయును. 1962లో గ్లాస్గో నగరమున స్థిరపడిన పాకిస్తానీ కుటుంబములలో పడుచువారికి సైతము రికెట్సు వచ్చుట వైద్యులు కనుగొనిరి. మబ్బు, నిండుబట్ట, చామనచాయ, కాల్షియమును పట్టివేయు పదార్థము గల ముడిగోధుమ రొట్టె, ఇన్నియు కలిసినవి. 1979 నుండి అచ్చటి పిల్లలకు డి విటమిను చుక్కలను ఉచితముగా పంచగా వ్యాధి తగ్గినది. ఎండ కొల్లగా నున్న అరబ్బు దేశములలోనో, ఇంటినుండి వెలుపలికి రాని స్త్రీలకు ఈ కొఱత విస్తారముగా నున్నది. కావున సూర్యు డెంత యున్నాడన్నది సగము మాట. ఎవరిపై పడుచున్నాడన్నది మిగిలిన సగము.

మన పల్లెలలో చంటిబిడ్డను లేత యెండలో పరుండబెట్టు వాడుక కలదు. లేత యెండ మంచిదని పెద్దలందఱు చెప్పుదురు. అది ఒంటికి హాయి యనుటలో సందేహము లేదు. కాని డి విటమిను మాటకు వచ్చునప్పటికి, పొద్దుపొడుపు ఎండలో ఆ కిరణములు బహుస్వల్పము. దీనికి యంత్రము అక్కఱలేని కొలత యొకటి చెప్పెదను. ఎండలో నిలువబడి మీ నీడను చూచుకొనుడు. నీడ మీకంటె పొడుగైనచో ఆ యెండలో సత్తువ కొంచెము. నీడ మీకంటె పొట్టియైనచో పని జరుగును. మార్గశిర పుష్యములలో ఇది ఇంచుమించు పదకొండింటినుండి ఒంటిగంట వఱకు మాత్రమే దొరకును; ఆ కాలమున ఆ యెండ సుఖముగానే యుండును. వేసవిలో ఉదయము తొమ్మిదిన్నరకే నీడ పొట్టిదగును, కనుక వడగాలి మొదలుకాక మునుపే పని ముగించుకొనవచ్చును. నడివేసవి మధ్యాహ్నమున ముసలివారిని ఎండలో కూర్చుండబెట్టుడని నేను చెప్పుటలేదు. వడదెబ్బ ఒక్క గడియలో ప్రాణము తీయును. వారమున నాలుగైదు దినములు, అరగంట సేపు, ముఖము, చేతులు, కాళ్లు ఎండకు తగులనిచ్చినచో పెద్దలలో చాలమందికి మేలు కలుగును. అద్దపు కిటికీ వెనుక కూర్చున్నచో వెచ్చదనము వచ్చును గాని విటమిను రాదు. గాజు ఆ కిరణములను ఆపివేయును.

పురిటిగదిని గూర్చి మనసు విప్పి చెప్పవలసియున్నది. కొన్ని సంవత్సరములక్రిందట నా యొద్దకు మూడునెలల మగబిడ్డను తెచ్చిరి. రెండు దినములుగా మూర్ఛలు వచ్చుచున్నవి. గాలి సోకినదని తాయెత్తు కట్టించిరి. జ్వరము లేదు, మెదడువాపు లేదు. రక్తమును పరీక్షింపగా కాల్షియము మిక్కిలి తక్కువ. డి విటమిను లేశమాత్రము. కాల్షియమును నరములోనికి మెల్లగా ఎక్కింపగా మూర్ఛలు నిలిచినవి. తల్లిని విచారించితిని. నిండుచూలాలై నప్పటినుండి ఆమె వాకిలి దాటలేదు. ప్రసవమైన పిదప మూడవ నెల వఱకు కిటికీలు మూసిన గదిలోనే యుంచిరి. అత్తగారు ప్రేమతోనే చేసినది. చలిగాలి తగులరాదన్న భయము తప్ప వేఱొక తలంపు ఆమెకు లేదు. కాని బిడ్డకు డి విటమిను వచ్చుట కడుపులోనుండగా తల్లి రక్తమునుండియే. తల్లికే లేనిచో బిడ్డకు ఎక్కడినుండి వచ్చును? తల్లిపాలకు సాటి యైన ఆహారము లేదు. ఆ పాలలో ఈ యొక్క వస్తువు మాత్రము మిక్కిలి కొద్ది. అందుచే పుట్టిన కొలది దినములనుండి ఏడాది నిండువఱకు బిడ్డకు దినమునకు 400 యూనిట్ల డి విటమిను చుక్కలు పోయవలెనని వైద్యులు నిర్ణయించిరి. పసికందును చుఱుకైన ఎండలో మాడ్చుటకంటె ఇదియే క్షేమము. అయితే మందుసీసాలన్నియు ఒక తీరువి కావు. ఒక మిల్లీలీటరులో 400 యూనిట్లు గలవి కొన్ని, 800 గలవి కొన్ని. సీసా మాఱినప్పుడెల్ల ఎంత పోయవలయునో అడిగి తెలిసికొనవలయును.

తిండి విషయమున మనకు కలిగిన సాయము కొంచెమే. సముద్రపు చేపలలో క్రొవ్వు గల కవళ్లు, కానాగంతలు మంచివి, గ్రుడ్డులోని పచ్చసొనలో కొంచెము కలదు, కూరగాయలలో లేనట్లే. 2018లో మన ప్రభుత్వ ఆహారప్రమాణ సంస్థ పాలలోను వంటనూనెలోను ఎ, డి విటమినులను కలుపుటకు ప్రమాణము లేర్పఱచినది. అట్లు కలిపిన పొట్లములపై ప్లస్ గుర్తును, ఎఫ్ అను అక్షరమును ఉండును. కాని తిండి మాటలో ముఖ్యమైనది కాల్షియము. నైజీరియా దేశమున ఎండలో ఆడుకొను పిల్లలకే రికెట్సు వచ్చుచుండగా పరిశోధించి, వారి తిండిలో కాల్షియము లేకపోవుటయే మూలమనియు, డి విటమిను ఒక్కటే యిచ్చుటకంటె కాల్షియము నిచ్చిన హెచ్చుగా కుదురుచున్నదనియు 1999లో ప్రకటించిరి. మన సీమలలో సంగటి ముద్దగాను, చోడి అంబలిగాను వాడుకలో నున్న రాగులలో నూఱు గ్రాములకు ఇంచుమించు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. తెల్లన్నము నాగరికమని దానిని వదలిన యిండ్లు ఎన్నియో! పెరుగు, మజ్జిగ, నువ్వులు, మునగాకు మఱువరాదు.

వంగిన కాళ్లన్నియు డి విటమిను కొఱతయే యనుకొనుట తగదు. మన యొద్ద మఱియొక శత్రువు కలదు. 1937లో నాటి నెల్లూరు జిల్లాలోను, పిదప నల్లగొండ సీమలోను బావినీటి ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసి మనుష్యులు వంగిపోవుట వైద్యులు కనుగొనిరి. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఆ ప్రాంతముల పడుచు పిల్లలకు మోకాళ్లు ఒరసికొనుటను వర్ణించిరి. అట్టి చోట నీటిని మార్పక ఎండను, చుక్కలను నమ్ముకొన్నచో లాభము లేదు.

కడపటి విషయము, నా కెక్కువ దిగులు కలిగించునది, సూదిమందు. ఈ నడుమ డి విటమినును సర్వరోగనివారిణిగా చాటువారు బయలుదేఱిరి. గుండెకు, చక్కెరవ్యాధికి, క్యాన్సరుకు, క్షయకు, అలసటకు, అన్నిటికి ఇదియే మందట. ఈ మాటను లోకమున శ్రద్ధగా పరీక్షించిరి. అమెరికాలో 25,871 మంది నడివయసువారిని, వృద్ధులను రెండు తెగలుగా చేసి, ఒక తెగకు దినమునకు 2000 యూనిట్లు అయిదేండ్లకు పైగా నిచ్చి చూచిరి. క్యాన్సరుగాని గుండెపోటుగాని తగ్గలేదని 2018లో తెలిపిరి. సామాన్యారోగ్యము గలవారికి ఎముకలు విఱుగుటయు తగ్గలేదని 2022లో తెలిపిరి. మంగోలియాలో దాదాపు తొమ్మిదివేలమంది బడిపిల్లలకు మూడేండ్లిచ్చినను క్షయ సోకుట తగ్గలేదు. కొఱత గలవారికి ఇది ప్రాణము; చాలినంత గలవారికి మఱికొంత పోసిన, నిండిన కుండలో నీరు పోసినట్లే. 2024లో అమెరికా గ్రంథివైద్యుల సంఘము, ఆరోగ్యవంతులకు రక్తపరీక్షలు వాడుకగా చేయించుట వలదనియు, గర్భిణులకు, పిల్లలకు, 75 ఏండ్లు దాటినవారికి పరీక్షతో పని లేకయే నియతమైన మోతాదు ఇయ్యవచ్చుననియు చెప్పినది.

మన యూళ్లలో నడుము నొప్పి యనగానే ఆఱులక్షల యూనిట్ల సూది వేయుటయు, నెలకొకసారి మరల వేయుటయు కలదు. దినమునకు 600 యూనిట్లు పెద్దలకు చాలును. అనగా ఆ యొక్క సూదిలో వేయి దినముల మందు కలదు. ఎక్కువైన సి విటమినువలె ఇది మూత్రమున పోవునది కాదు, క్రొవ్వులో నిలిచి నెలల తరబడి యుండును. ఆస్ట్రేలియాలో 70 ఏండ్లు దాటిన స్త్రీలకు ఏటికొకసారి అయిదులక్షల యూనిట్లు ఇచ్చి చూడగా, వారు పడుటయు, ఎముకలు విఱుగుటయు హెచ్చినవని 2010లో తేలినది. మేలు కోరి చేసిన పని! కావున ఎముకల నొప్పి గలవారు కొలది మోతాదును దినమునకో వారమునకో తీసికొనుటయే మంచిది, అదియు వైద్యుని సలహాతో. ఎవరైనను ఇట్టి సూదులు పెక్కు వేయించుకొని యుండి, తీఱని దాహము, మాటిమాటికి మూత్రము, వాంతులు, మలబద్ధము, మాటలో తత్తఱపాటు కలిగినచో, రక్తమున కాల్షియము మితిమీఱి మూత్రపిండములు చెడుచున్నవేమో యని అనుమానింపవలయును. అట్టివారిని ఆలస్యము చేయక పెద్దాసుపత్రికి తీసికొనిపోవునప్పుడు, ఎన్ని సూదులు ఎప్పుడెప్పుడు వేసిరో ఆ చీటీలన్నిటిని వెంట నుంచుకొనవలయును.